ఎత్తు ఒక్కటే గొప్పా?

"ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన భవనం ఏది?" క్విజ్ పోటీల్లో ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. జవాబు కూడా అందరికీ తెలుసు. దుబాయిలోని బుర్జ్ ఖలీఫా, 828 మీటర్లు. దానికి ముందు ఏది, అమెరికాలో ఏది, చికాగో నగరంలో ఏది అని వరుసగా అడిగినా గడగడా చెప్పేవాళ్ళు మన బడిలో ఉన్నారు. జ్ఞాపకశక్తి మంచిదే. కానీ ఆ జవాబులో ఒక అంకె తప్ప ఇంకేమీ లేదు. ఆ భవనాన్ని ఎందుకు కట్టారు? అది ఎలా నిలబడింది? ఎవరు కట్టారు? దాని కింద బతికేవాళ్ళ సంగతేమిటి? ఇవి ఏ పోటీలోనూ అడగరు.

ఎత్తయిన కట్టడాలను మనం మెచ్చుకునే పద్ధతి సరిగ్గా లేదని నా అభిప్రాయం. ఆ పద్ధతిని విమర్శించడానికే ఈ వ్యాసం. దూరాన ఉన్న చికాగోను, దగ్గరలో ఉన్న శ్రీకాళహస్తిని, చెన్నైని, చివరికి మన తిరువళ్ళూరు జిల్లాను ఒక వరుసలో పెట్టి చూద్దాం.

అంకెలో ఏముంది?

మొదట ఆ అంకెనే పరిశీలిద్దాం. చికాగోలో సియర్స్ టవర్ అనే భవనం ఉంది. ఇప్పుడు దాని పేరు విల్లిస్ టవర్. దాని కప్పు ఎత్తు 442 మీటర్లు. 1970ల మొదట్లో కట్టినప్పటి నుంచి 1998 దాకా ప్రపంచంలో అదే అన్నిటికంటే ఎత్తు. 1998లో మలేసియా రాజధాని కౌలాలంపూర్‌లోని పెట్రోనాస్ జంట భవనాలు ఆ పేరు తీసుకున్నాయి. వాటి ఎత్తు 452 మీటర్లు. అయితే మనుషులు నిజంగా నడిచే చివరి అంతస్తు ఏది పైన ఉంది అని చూస్తే చికాగో భవనానిదే పైచేయి. మలేసియా భవనాలు గెలిచింది పైన ఉన్న మొన వల్ల. భవనంలో భాగంగా కట్టిన మొనను లెక్కలోకి తీసుకుంటారు, తర్వాత నిలబెట్టిన యాంటెన్నాను తీసుకోరు. అది లెక్క కట్టే అంతర్జాతీయ మండలి పెట్టుకున్న నిబంధన.

2013లోనూ ఇలాగే జరిగింది. న్యూయార్క్‌లో కొత్తగా కట్టిన వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు అమెరికాలో మొదటి స్థానం ఇచ్చారు. దాని ఎత్తు 541 మీటర్లు అంటారు. కప్పు మాత్రం 417 మీటర్లే. అంటే చికాగో భవనం కప్పు కంటే 25 మీటర్లు తక్కువ. మిగతాదంతా మొన. ఇద్దరు మనుషుల పొడుగు పోల్చేటప్పుడు ఒకరి తలమీది కొప్పును, ఆ కొప్పులోని పూలను కూడా కలిపి కొలిస్తే ఎలా ఉంటుంది? ఇదీ అలాగే ఉంది.

బుర్జ్ ఖలీఫా సంగతి ఇంకా విచిత్రం. 828 మీటర్లలో పైన 244 మీటర్లు ఎవరూ ఉండడానికి వీలులేని భాగమని అదే మండలి 2013లో తేల్చింది. చెన్నైలో మనకందరికీ తెలిసిన ఎల్లైసీ భవనం 54 మీటర్లు. అలాంటివి నాలుగు ఒకదానిమీద ఒకటి పేర్చినా ఆ ఖాళీ భాగం నిండదు. మనం బట్టీపట్టే అంకెలో ఇంత గాలి ఉంది.

చికాగో నిజంగా సాధించినది ఏమిటి?

ఇలా అన్నానని చికాగో గొప్పది కాదని నేను అనడం లేదు. దాని గొప్ప వేరే చోట ఉంది.

1871లో చికాగోలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. చెక్కతో కట్టిన ఇళ్ళు, దుకాణాలు వేల సంఖ్యలో కాలిపోయాయి. తిరిగి కట్టుకునేటప్పుడు వాళ్ళ ముందు రెండు చిక్కులున్నాయి. ఒకటి నిప్పు భయం. రెండోది నగరం నడిబొడ్డున స్థలం ధర. స్థలం తక్కువ కాబట్టి పైకి కట్టాలి. పైకి కడితే కింది గోడలు లావు కావాలి. 1891లో అక్కడ కట్టిన మొనాడ్‌నాక్ అనే 16 అంతస్తుల ఇటుక భవనంలో కింది గోడ మందం ఆరడుగులు! అంత గోడ కడితే దుకాణానికి చోటెక్కడిది? వెలుతురుకు కిటికీ ఎక్కడ?

ఈ చిక్కుకు విలియం లె బారన్ జెన్నీ అనే ఇంజనీరు అంతకు ముందే ఒక దారి చూపాడు. 1885లో ఆయన కట్టిన హోమ్ ఇన్సూరెన్స్ భవనంలో బరువును చాలావరకు లోపలి లోహపు చట్రం మోసింది. గోడ పని తగ్గింది. ఆ భవనానికి 10 అంతస్తులే. 42 మీటర్లే. ఈరోజు మన చెన్నైలోనే ఎవరూ తలెత్తి చూడని ఎత్తు అది. అయినా ఆకాశహర్మ్యాల చరిత్ర రాసేవాళ్ళు దాని పేరు చెప్పకుండా ముందుకు పోరు. దాన్ని 1931లోనే పడగొట్టేశారు, అయినా పేరు పోలేదు. ఎందుకంటే అది ఒక చిక్కు విప్పింది.

సియర్స్ టవర్ కూడా అంతే. దాన్ని రూపొందించినవాళ్ళలో ముఖ్యుడైన ఇంజనీరు ఫజలుర్ రహమాన్ ఖాన్ మన ఉపఖండంవాడు. 1929లో ఢాకాలో పుట్టాడు. వాస్తుశిల్పి బ్రూస్ గ్రాహంతో కలిసి పనిచేశాడు. చికాగోలో గాలి జోరు ఎక్కువ. భవనం పైకి వెళ్ళేకొద్దీ బరువు కంటే గాలి తోపుడే పెద్ద సమస్య అవుతుంది. ఆయన చేసిందేమిటంటే, చతురస్రపు గొట్టాల్లాంటి తొమ్మిది చట్రాలను ఒక కట్టగా చేర్చాడు. ఒక్క చీపురుపుల్లను విరవడం తేలిక, చీపురుకట్టను విరవడం కష్టం కదా! ఆ తొమ్మిదిలో రెండు 50వ అంతస్తు దగ్గర ఆగిపోతాయి. రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర ఆగుతాయి. చివరిదాకా వెళ్ళేవి రెండే. భవనం మెట్లు మెట్లుగా సన్నబడడానికి కారణం ఇదే.

అదే నగరంలో 2020లో పూర్తయిన సెయింట్ రీజిస్ టవర్‌ను జీన్ గ్యాంగ్ అనే మహిళ రూపొందించింది. 365 మీటర్ల ఆ భవనంలో 83వ అంతస్తును కావాలనే ఖాళీగా వదిలేశారు. గాలి దానిగుండా దూసుకుపోతే పై అంతస్తుల ఊగుడు తగ్గుతుంది. అమ్ముకుంటే డబ్బు వచ్చే ఒక అంతస్తును గాలికి వదిలేశారంటే అక్కడ ఆలోచన ఉందన్నమాట. క్విజ్‌లో అడగవలసింది ఈ 83వ అంతస్తు గురించి. మనం అడిగేది 365 గురించి.

ఈ 365 అనే అంకె మన తిరుత్తణివాళ్ళకు కొత్త కాదు. కొండమీది గుడికి మెట్లు 365 అని, ఏడాదిలో రోజుకొక మెట్టు అని చెబుతారు. మనవాళ్ళు ఆ కొండ ఎత్తును ఎప్పుడూ మీటర్లలో చెప్పలేదు. మెట్లలోనే చెప్పారు. ఎక్కే మనిషి మోకాలు ఆ లెక్కలో ఉంది.

శ్రీకాళహస్తి గోపురం

ఎత్తుగా కట్టడం మనకు అమెరికా నేర్పింది కాదు. తిరుత్తణికి దగ్గరలోనే ఉన్న శ్రీకాళహస్తిలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఏడంతస్తుల రాజగోపురం కట్టించారు. అది 120 అడుగులకు తక్కువ కాదు. జెన్నీగారి చికాగో భవనం 138 అడుగులు. అంటే మూడున్నర శతాబ్దాల ముందే మనవాళ్ళు ఇంచుమించు ఆ ఎత్తుకు చేరారు. మొనాడ్‌నాక్ భవనంలో ఉన్న సూత్రమే ఇక్కడా ఉంది. కింద రాతి కట్టడం లావుగా, బరువుగా ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ ఇటుక, సున్నంతో సన్నబడుతుంది.

ఇంకొక విషయం గమనించండి. మన పెద్ద గుళ్ళలో గోపురం ఎత్తుగా ఉంటుంది, గర్భగుడి చిన్నగా ఉంటుంది. ఎత్తు వాకిట్లో ఉంది. దూరం నుంచి నడిచి వచ్చేవాడికి దారి తెలియడానికి, ఊరు వచ్చిందని చెప్పడానికి ఆ ఎత్తు పనికొచ్చింది. లోపల కూర్చున్నవాడి గొప్ప కోసం కాదు. నగరాల్లో కంపెనీ పేరు పైన రాసుకోవడానికి కట్టే భవనాలకూ దీనికీ తేడా ఇక్కడుంది.

అయితే మనది కదా అని శ్రీకాళహస్తిని పొగిడి వదిలేస్తే అది విమర్శ కాదు. ఆ గోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. బీటలు ముందే కనిపించాయి. అంతకు ముందే చుట్టుపక్కల నుంచి జనాన్ని దూరంగా పంపించారు కాబట్టి ప్రాణనష్టం జరగలేదు. అదొక్కటే ఊరట. ఐదువందల ఏళ్ళకు దగ్గరగా నిలిచిన కట్టడం ముసలితనంతో పడిపోయిందని సరిపెట్టుకోవచ్చు. కానీ కట్టినవాడి పేరు రాళ్ళమీద చెక్కుకుని, ప్రతి సంవత్సరం పొగుడుకుని, బీటలను మాత్రం సరైన సమయంలో పట్టించుకోకపోవడం మన అలవాటు. గోపురాన్ని మళ్ళీ కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. కొత్తదాని ఎత్తు ఎంత అని అడిగినవాళ్ళు చాలామంది. పాతవాటికి ఎక్కడెక్కడ బీటలున్నాయి అని అడిగినవాళ్ళు తక్కువ.

మౌంట్ రోడ్డు మీద పదిహేను అంతస్తులు

ఇక మన పట్నానికి వద్దాం. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెన్నైని పట్నం అనే అంటారు. ఆ పట్నంలో అణ్ణా సాలై మీద, అంటే పాత మౌంట్ రోడ్డు మీద, ఎల్లైసీ భవనం ఉంది. 15 అంతస్తులు, 177 అడుగులు. 1959లో ప్రారంభమయినప్పుడు మన దేశంలో అదే అన్నిటికంటే ఎత్తు. సరిగ్గా ఆ తర్వాతి ఏడాది, 1960 ఏప్రిల్ 1న, అప్పటిదాకా ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. కాబట్టి ఆ తరంవాళ్ళకు ఈ భవనం కొత్త రాజధానికి గుర్తు కూడా.

దీన్ని మొదలుపెట్టించినవారు ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్. ఆయన 1954లో విమాన ప్రమాదంలో పోయారు. 1956లో ప్రభుత్వం బీమా వ్యాపారాన్ని జాతీయం చేసింది. మొదలుపెట్టింది ఒక ప్రైవేటు కంపెనీ అయినా పూర్తయ్యేనాటికి భవనం ఎల్లైసీది అయింది.

భవనంగా దీన్ని ఎలా అంచనా వెయ్యాలి? అందం సంగతి చెప్పాలంటే, అదే నగరంలోని హైకోర్టు, ఎగ్మూరు స్టేషను లాంటి ఎర్ర కట్టడాల ముందు ఇది చాలా సాదాగా ఉంటుంది. నిలువు గీతలు గీసిన పెట్టెలాగా ఉంటుంది. చూసేవాడి కన్ను ఆగడానికి ఒక చెక్కడం లేదు, ఒక గుమ్మటం లేదు. ఇది దాని లోపమే. అయితే సున్నం, ఇటుకల నుంచి కాంక్రీటు స్తంభాల కట్టడానికి పట్నం మారిన కాలాన్ని చూపించడం దాని విశేషం. 1975 జులై 11న దాంట్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఎత్తయిన భవనంలో నిప్పు పుడితే మెట్లదారే పొగగొట్టం అవుతుంది, కింది నుంచి నిచ్చెన అందదు. ఎత్తు కట్టే ముందు ఆలోచించవలసిన విషయాల్లో ఇది మొదటిది. కట్టడం మాత్రం నిలిచింది. బాగుచేసుకుని మళ్ళీ వాడుకున్నారు. ఈరోజుకీ అక్కడ ఆఫీసు నడుస్తోంది.

దేశంలో అన్నిటికంటే ఎత్తు అనే పేరు దానికి ఉన్నది రెండేళ్ళే. 1961లో ముంబయి భవనం ఒకటి దాన్ని దాటేసింది. ఇప్పుడు చెన్నై శివార్లలోనే దానికి రెండింతలు మించినవి ఉన్నాయి. హైదరాబాదులో కోకాపేట వైపు 50 అంతస్తులు దాటినవి లేచాయి. పేరు రెండేళ్ళు నిలిచింది, పని అరవై ఏళ్ళు దాటి సాగుతోంది. ఏది గొప్ప అని అడిగితే నేను రెండోదే చెబుతాను.

ఏ పట్టికలోనూ లేని రెండు కట్టడాలు

ఇప్పుడు చెప్పబోయే రెండు కట్టడాలు ఎత్తయిన భవనాల ఏ జాబితాలోనూ ఉండవు. నా దృష్టిలో ఎత్తు గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ వీటి గురించి తెలుసుకోవాలి.

మొదటిది చెన్నై శివారులోని మౌలివాక్కంలో కడుతూ ఉండిన 11 అంతస్తుల నివాస భవనం. 2014 జూన్ 28 సాయంత్రం వాన కురుస్తుండగా కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. అందరూ అక్కడ పనిచేస్తున్న కూలీలు, వాళ్ళ కుటుంబాలవాళ్ళు, సిబ్బంది లాంటివాళ్ళే. వాళ్ళలో చాలామంది ఆంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు. పిడుగు పడిందన్న మాట మొదట్లో వినిపించింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం మాత్రం భవనం రూపకల్పనలోనూ నిర్మాణంలోనూ లోపాలను ఎత్తిచూపింది. పక్కనే ఉన్న రెండో భవనం కూడా ప్రమాదమని 2016 నవంబర్ 2న పేలుడు పదార్థాలతో కూల్చేశారు. కొన్ని క్షణాల్లో అయిపోయింది.

రెండోది మన తిరువళ్ళూరు జిల్లాలోనే జరిగింది. మౌలివాక్కం దుర్ఘటన జరిగి ఎనిమిది రోజులే అయింది. 2014 జులై 6న ఉప్పరపాళయంలో ఒక గోడౌను ప్రహరీ గోడ పడిపోయింది. పక్కన గుడిసెల్లో నిద్రపోతున్న 11 మంది పోయారు. వీళ్ళలోనూ ఎక్కువమంది ఆంధ్ర నుంచి పనికోసం వచ్చినవాళ్ళే. ఆ గోడ ఎత్తు ఇరవై అడుగులు. చికాగో ముందు, దుబాయి ముందు అది ఒక ఎత్తేనా? అయినా 11 మందిని చంపడానికి సరిపోయింది.

ఈ రెండూ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తుంది. మనిషిని కాపాడేది ఎత్తు కాదు, చంపేదీ ఎత్తు కాదు. కింద నేల ఎలాంటిదో చూశారా, స్తంభానికి తగినన్ని కమ్మీలు వేశారా, నీళ్ళు పోయే దారి వదిలారా, పనివాళ్ళు పడుకోవడానికి గోడకు దూరంగా చోటిచ్చారా – వీటిమీద ఉంటుంది. మా చిన్నాయన బేల్దారి పని చేస్తాడు. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే ఆయన అన్నాడు: "పైన ఎంత కట్టినామనేది ఎవురైనా చూస్తారు పాపా, కింద ఎంత తవ్వినామనేది కట్టినోనికే తెలుసు." పుస్తకాల్లో చదివినదాని కంటే ఈ మాటే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

మౌలివాక్కంలో, ఉప్పరపాళయంలో పోయినవాళ్ళలో చాలామందిది మన భాషే. మనం తెలుగులో పాఠాలు చదువుకుంటూ ఉంటే, వాళ్ళు తెలుగులో మాట్లాడుకుంటూ ఇసుక, జల్లి మోశారు. మన బడి పిల్లల ఇళ్ళలోనూ మేస్త్రీలు, సెంటరింగ్ పనివాళ్ళు ఉన్నారు. మన జిల్లా ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పనిచేస్తున్నాయి. భవనం ముందు శిలాఫలకం మీద ప్రారంభించినవారి పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది. మోసినవాళ్ళ పేరు ఉండదు. కనీసం మన లెక్కలోనైనా వాళ్ళు ఉండాలి కదా.

కాదనేవాళ్ళకు జవాబు

"జనం పెరుగుతున్నారు, స్థలం లేదు, పైకి కట్టక ఏం చేస్తారు?" అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చికాగో కూడా స్థలం లేకే పైకి లేచింది. పైకి కట్టవద్దని నేను అనడం లేదు. అవసరం కొద్దీ కట్టిన అంతస్తుకూ, పేరు కోసం పెట్టిన మొనకూ తేడా చూడమంటున్నాను.

"ఎత్తయిన భవనాన్ని చూస్తే మనసు ఉప్పొంగుతుంది, అది కూడా అక్కరలేదా?" అని ఇంకొకరు అడగవచ్చు. కావాలి. తిరుత్తణి కొండమీద నిలబడి కిందికి చూసినప్పుడు నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ సంతోషం తర్వాత ఆలోచన కూడా రావాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కట్టడంలోని కష్టం తెలిస్తేనే దాని గొప్ప తెలుస్తుంది. అంకె మాత్రమే తెలిసినవాడికి కష్టం తెలియదు.

ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. వచ్చే క్విజ్‌లో ఎత్తయిన భవనం ఏది అని తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇంకో నాలుగు ప్రశ్నలు కూడా అడగండి. అది ఏ చిక్కును విప్పింది? గాలికి, నిప్పుకు, నేలకు ఏం జాగ్రత్త తీసుకుంది? మనుషులు ఉండే భాగం ఎంత, ఉత్త మొన ఎంత? కట్టేటప్పుడు ఎంతమంది ప్రాణాలు పోయాయి? చివరి ప్రశ్నకు జవాబు చాలా భవనాల విషయంలో తేలికగా దొరకదు. దొరకకపోతే, ఎందుకు దొరకలేదో వెతకడమే పిల్లలకు మంచి పాఠం.

ప్లస్ టూ తర్వాత సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాలనుకునే అన్నలు, అక్కలు మన బడిలో ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్ళకు కూడా ఒక మాట. రేపు మీ సంతకం మీద ఒక కట్టడం లేస్తుంది. అది రెండు అంతస్తుల ఇల్లయినా సరే, ఒక గోడౌను గోడయినా సరే, సంతకం పెట్టే ముందు ఒకసారి ఆ గోడ పక్కన ఎవరు పడుకుంటున్నారో వెళ్ళి చూడండి.